బావ కట్టిన పాట

మా బావ టైలర్. ఆ మాట ఆయన ముందు అంటే మొహం మాడ్చుకుంటాడు. షర్టులు పొట్టకూటికి కుడుతున్నాడట, ఆయన అసలు విద్య పాటట. పల్లవిలో రెండు మాటలు అందిస్తే చాలు, సినిమా పేరూ పాడినవాళ్ల పేరూ గడగడా అప్పజెప్పేస్తాడు. అందులో సగం కోతలే. కానీ అంత ధీమాగా కోస్తుంటే కాదనేదెవరు? వీధివాళ్లు ‘పాటల డాక్టరు’ అని పేరు పెట్టారు. వెటకారానికే పెట్టారు. ఈయన పొంగిపోయి దాన్ని విజిటింగ్ కార్డు మీద వేయించుకున్నాడు.

కొట్లో ముందు గది, వెనక గది, మధ్యలో ఒక పూల కర్టెన్. ముందు గదిలో పెద్ద బల్ల దగ్గర మెడలో టేపు వేసుకుని బావ బట్ట కత్తిరిస్తాడు, వచ్చినవాళ్లతో బాతాఖానీ వేస్తాడు. వెనక గదిలో మా అక్క కాజాలు తీస్తుంది, గుండీలు కుడుతుంది, అంచులు మడిచి చేతికుట్టు వేస్తుంది, ఇస్త్రీ చేసి మడతపెడుతుంది. “కటింగే అసలు పనమ్మా, తక్కినదంతా ఎవరైనా చేస్తారు” అని నా ముందే అన్నాడొకసారి. నాకు ఒళ్లు మండిపోయింది. అక్క మాత్రం సూదిలో దారం ఎక్కించుకుంటూ నవ్వి ఊరుకుంది. దానితో వచ్చిన చిక్కే అది.

నేను బాత్రూములో జారిపడి కాలు విరగ్గొట్టుకుంటే అక్క సాయానికి మా ఇంటికొచ్చింది. కొన్నాళ్లకి బావ ఫోను. నా కాలు ఎలా ఉందో అడుగుతాడేమో అనుకున్నాను, పిచ్చిమొహాన్ని.

“మరదలా, ఒక ట్యూను నా బుర్రని తినేస్తోందమ్మా. లేస్తే అదే, కత్తెర పట్టుకుంటే అదే. ఏ పాటో గుర్తురావట్లేదు. నువ్వు విని చెప్పు” అంటూ కూనిరాగం అందుకున్నాడు.

స్పీకర్లో పెట్టాను. విన్నానో లేదో గుర్తుపట్టేశాను. పక్కనే నా చొక్కాకి కాజా తీస్తున్న అక్క చెయ్యి ఆగిపోయింది. అది అక్క పాట. పాటంటే మాటలేం లేవు, ఉత్త రాగం. కుట్లు సమంగా పడాలని తనే కట్టుకుంది. కాజాకి ఒక పక్క కుట్టేటప్పుడు సగం, మూల తిప్పి రెండో పక్క కుట్టేటప్పుడు మిగతా సగం. ముడి పడేసరికి రాగమూ అయిపోతుంది. పెళ్లయిన దగ్గర్నుంచి ఆ కర్టెన్ వెనక కూర్చుని పాడుతూనే ఉంది, బావ చెవిలో పడుతూనే ఉంది. అక్క ఇటొచ్చేసరికి కొట్టు మూగబోయింది. అప్పుడు మేలుకుంది అయ్యగారి చెవి.

బావ సగం దాకా తీసి ఆగిపోయాడు. “ఆ తర్వాతేంటో తట్టట్లేదమ్మా” అన్నాడు. ఎలా తడుతుంది? ఏనాడన్నా పూర్తిగా విననిచ్చాడా తన చెవిని! “ఏమే, సుద్ద ఎక్కడ పెట్టావ్?” “ఏమే, మంచినీళ్లు!” అని మధ్యలోనే కేక పెట్టేవాడుగా.

నేను నోరు తెరవబోతే అక్క చేత్తో మూసేసింది. ఫోను పెట్టేశాక చూద్దును కదా, దాని మొహం కొత్త పెళ్లికూతురి మొహంలా ఉంది.

“చెప్పకే. ఆయనంతట ఆయనే కనుక్కోవాలి.”

“కనుక్కోకపోతే?”

“అయితే మీ మేడమ్ దగ్గర చేరిపోతా.”

మేడమ్ అంటే నేను పనిచేసే యూనిఫాంల సెంటర్ ఓనరు. నన్ను చూడ్డానికి వచ్చి, అక్క తీసిన కాజాలు వెలుతురులో పెట్టి అటూ ఇటూ తిప్పి చూసి, ఫినిషింగ్ పనంతా నీ చేతిలో పెడతాను రమ్మంది. అక్క ఏ సంగతీ తేల్చలేదు.

“కనుక్కుంటే మాత్రం వెళ్లి ఆ వెనక గదిలోనే కూర్చుంటానే. ఆ పాడేది నేనేనని ఆయనకి తెలిస్తే చాలు నాకు” అంది. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. ఇంత చవగ్గా దొరుకుతుందేమిటి ఈ మనిషి!

అటు బావ కాళ్లకి బలపం కట్టుకుని తిరిగాడు. రేడియో మెకానిక్ దగ్గరికి పోతే, “ఏం డాక్టరుగారూ, ఈసారి రోగం మీకే వచ్చిందా?” అని అందరి ముందూ నవ్వాడట. బావకి రోషం పొడుచుకొచ్చి, కనుక్కోకపోతే ఈ జన్మలో పాట ఊసెత్తనని శపథం చేశాడట. పాడితే పేరు చెప్పే యాప్ ఒకటి ఫోనులో ఎక్కించుకుని దాని ముందు గొంతు చించుకున్నాడు. అది ఒకసారి ఏదో పరాయి దేశపు పాటంది, ఒకసారి పిల్లల పద్యమంది, చివరికి శబ్దం సరిగా లేదు మళ్లీ ప్రయత్నించండంది. ఈ గొడవలో ఎవరి షర్టుకో ఒక చెయ్యి పొడుగూ ఒక చెయ్యి పొట్టీ అయ్యాయి.

ఫోను మోగినప్పుడల్లా అక్క పరిగెత్తుకొచ్చి నా పక్కన నిలబడేది. దాన్ని చూడలేక ఒకసారి మాట తప్పాను. “సినిమాల్లోనే వెతుకుతావేం బావా, ఇంట్లో వెతుకు” అన్నాను.

“ఇంట్లో రేడియో పాడై చాలా కాలమైందమ్మా” అన్నాడు మహానుభావుడు.

ఒక సెలవు రోజు మధ్యాహ్నం తనే దిగాడు. గుమ్మంలోంచే, “దొరికేసింది!” అని కేక. అక్క వంటింట్లోంచి తడి చేతులతోనే వచ్చేసింది.

“ఎవరిదండీ?” అంది.

“నాదే!”

ఇద్దరం నోరెళ్లబెట్టాం.

“యాప్‌కి తెలీదు, మెకానిక్‌కి తెలీదు. వాళ్ల సంగతి సరే, నాకే తెలీదు! నాకు తెలియని పాటుంటుందా? అంటే ఇది ఇంకా ఎవరూ కట్టని పాటన్నమాట. నా బుర్రలో పుట్టింది. విను” అని కుర్చీలో సర్దుకుని, తొడ మీద తాళం వేస్తూ మొదలుపెట్టాడు. సగం దాకా వచ్చి యథాప్రకారం ఆగాడు.

అక్కడ అక్క అందుకుంది. మెల్లిగా, ఎప్పటిలాగే, మూల తిప్పి రెండో పక్కంతా కుట్టుకుంటూ వచ్చి ముడి వేసింది. ఎంత మొద్దు చెవికైనా ఇక తెలియాలి కదా!

బావ కళ్లు పెద్దవి చేసి అక్కని చూశాడు. అక్క ఆ చూపు కోసమే నిలబడి ఉంది.

“భలే పట్టేశావే, ఒక్కసారి వినేసరికి! నా దగ్గర ఉండగా ఉండగా నీకూ కాస్త జ్ఞానం అబ్బింది” అన్నాడు.

నేను చంకకర్ర ఎత్తాను. అక్క పట్టుకుని ఆపింది.

“సరే, బట్టలు సర్దుకో. కొట్లో కాజాలు గుట్టలు పడున్నాయి” అని ఫోను తీశాడు. “ఉండుండు. ముందు ఆ రెండో సగం ఇంకోసారి పాడు, రికార్డు చేసుకుంటా. ఆ మెకానిక్ మొహాన కొట్టాలి.”

అక్క తడి చేతులు చెంగుకి తుడుచుకుంది.

“మొదటి సగం మీరే కట్టారుగా, రెండోదీ మీరే కట్టుకోండి. నాకు రేపట్నుంచి డ్యూటీ.”