ఇక్కడ కలెక్టర్లు లేరు

నా చిన్నప్పుడు, ఎనభైల చివర్లో, మెల్‌బోర్న్‌లో మా ఇంటి వెనక గదిలో నాన్న స్నేహితుడొకాయన అద్దెకుండేవారు. మేం అంకుల్ అనేవాళ్లం. యూనివర్సిటీలో ఆయన పరిశోధన ఏమిటయ్యా అంటే, బ్రిటిష్‌వాళ్ల హయాంలో ఇక్కడి ఆస్ట్రేలియా సర్కారు లెక్కల ఆడిట్ ఎలా బాగుపడిందని! అంతకన్నా చప్పటి విషయం భూమ్మీద ఉండదని నా గట్టి నమ్మకం.

నాకప్పుడు పదేళ్లు. ఆనాటి పాలన మీదే బళ్లో ప్రాజెక్టు రాయమన్నారు. బాగున్నవి మంగళవారం మధ్యాహ్నం హాల్లో గోడకి పెడతారు, అమ్మానాన్నలు వచ్చి చూస్తారు. నాన్న సగం రోజు సెలవు కూడా పెట్టేసుకున్నారు. అందుకే శుక్రవారమే ఒక కాపీ అంకుల్ చేతికిచ్చి, తప్పులుంటే చెప్పమన్నాను. "ష్యూర్ అమ్మా, వీకెండ్‌లో చూసేస్తా" అన్నారు. శనివారం అడిగితే రేపన్నారు. ఆదివారం మనిషే దొరకలేదు. చేసేదిలేక సోమవారం నా దగ్గరున్నది టీచరుకి ఇచ్చేశాను.

అందులో జిల్లాకో కలెక్టరు, ఆయనకో బంగళా, గుర్రం, వెనకాల బిళ్ల బంట్రోతు. మా తాతయ్య చెప్పిన ఇండియా దొరల ముచ్చట్లన్నీ ఇక్కడా జరిగాయనుకున్నాను మరి! టీచరు నాచేత పైకి చదివించింది. క్లాసంతా పగలబడి నవ్వింది. గోడమీద నాది పెట్టలేదు. ఆ సంగతి ఇంట్లో చెప్పే ధైర్యం నాకు లేకపోయింది, పాపం నాన్న హాలంతా రెండుసార్లు తిరిగి వెతికారు.

బుధవారం అంకుల్ నవ్వుతూ నా కాగితాలు తెచ్చిచ్చారు. 'ఇక్కడ కలెక్టర్లు లేరు' అని ఎర్ర పెన్సిలుతో పొందికగా రాసి ఉంది. నాకు ఒళ్లు మండిపోయింది. "ఇప్పుడెందుకు అంకుల్? ఇట్స్ టూ లేట్!" అని అరిచి, ఆయన ఎదుటే పరపరా చింపేశాను.

ఆయన మొహం పాలిపోయింది. "మొదట్లో ఇక్కడి లెక్కలు ఓడలో లండన్‌కి పంపేవాళ్లమ్మా. అక్కడ తప్పు పట్టి రాసేసరికి ఏళ్లు గడిచిపోయేవి, ఖర్చుపెట్టినవాడు పోయుండేవాడు. ఆ బాధ పడలేకే ఇక్కడే ఆడిటర్లని పెట్టుకున్నారు. దానిమీద ఇన్ని పేజీలు రాస్తూ నేనూ అదే చేశాను. సారీ" అన్నారు. మర్నాడు బడికి వచ్చి, ఆలస్యం తనదేనని టీచరుకి చెప్పారు. ప్రదర్శన అయిపోయింది కదా అందావిడ. ఏం లాభం?

ఆయన మంచివారే. కానీ ఆ ఉక్రోషం నాలో ఇంకా చావలేదు. ఎవరైనా "కాస్త చూసిపెట్టండి" అని కాగితమిస్తే అన్నం ముందునుంచి లేచైనా చూస్తాను, లేదంటే నావల్ల కాదని మొహంమీదే చెప్పేస్తాను. మావాళ్లు దురుసుతనమంటారు. అననీ. ఇంతవరకు ఎవరి కాగితమూ నా దగ్గర ఒక్క రాత్రి నిద్ర చేయలేదు.