జనార్దన్ లేని తోట

జనార్దన్‌కు ఒకచోట కుదురుగా కూర్చోవడం చేతకాదు. పులివెందుల చుట్టుపక్కల అరటి తోటల్లో పదకొండేళ్లుగా కోత ముఠా నడుపుతున్నాడు. ముఠాలో పన్నెండు మంది. గెల కోసేది వాళ్లే, మోసేది వాళ్లే, కాయలు కడిగి పెట్టెల్లో సర్దేది వాళ్లే. ఏ గెల కోయాలో చెప్పేది మాత్రం జనార్దన్ ఒక్కడే. ప్రతి సాలూ తిరిగి, కాయను వేళ్లతో తడిమి, "ఇది కోయ్, అది వద్దు" అంటాడు. ఆయన నోట మాట రానిదే కత్తి పైకి లేవదు. అదంతా తన మీద గౌరవమని మురిసిపోయేవాడు. నన్నడిగితే అదొక జబ్బు.

అలాంటి మనిషి జమ్మలమడుగు దారిలో బండి మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. ప్రొద్దుటూరులో అక్క సుధ ఇంట్లో, తొడదాకా కట్టుతో మంచాన పడ్డాడు. సరిగ్గా ఆ వారమే వేముల దగ్గర ఆరెకరాల తోట కోతకొచ్చింది. ఓడెక్కి పరదేశం పోయే సరుకు. బాగా ముదిరిన గెల ఒక్కటి కలిసినా దారిలోనే పండి పక్క పెట్టెలు కూడా పాడవుతాయి. సరుకు కొనే జియావుల్లా ముందే తెగేసి చెప్పాడు. ఈ లోడు బాగుంటే ఈ ఏడాది తోటలన్నీ వీళ్లకే, తేడా వస్తే వేరే ముఠాకు.

ఇక జనార్దన్‌కు నిద్రెక్కడిది? కోత రోజు పొద్దున ఏడింటికల్లా వీడియో కాల్ చేశాడు. గెలలు మోసే మహేంద్ర ఫోను పట్టుకుని సాళ్ల వెంట నడిచాడు.

"ఇంకా దగ్గరికి పెట్టప్పా. ఆ కాయ నొక్కు. ఎట్లుంది?"

"నొక్కితే నొక్కినట్లే ఉందన్నా."

"అట్లగాదు, గట్టిగుందా, మెత్తగుందా?"

ఇలా పది గంటలయింది. ముప్పై గెలలు కూడా కోయలేదు. నాలుగింటికి లారీ కదలాలి. సుధ తెచ్చిన ఉప్మా చల్లారిపోయింది.

"రేయ్, ఆ మనిషి ఫోను పట్టుకోని తిరిగితే గెలలు ఎవురు మోస్తార్రా?" అంది సుధ.

"నీకు తెల్దులేక్కా," అని కసిరాడు.

అప్పుడే తెర మీదికి సునీత ముఖం వచ్చింది. కాయలు కడిగే ఆడవాళ్లకు ఆమే పెద్ద. "అన్నా, మహేంద్ర రెండు చేతులూ కావాల మాకు. ఫోను ఈడ గట్టుమీద పెడతాండా," అంది. మరుక్షణం తెరనిండా అరటాకులూ, వాటి సందులో ఆకాశం. జనార్దన్ అరిచాడు, తిట్టాడు, బతిమాలాడు. నీళ్ల మోటారు మోతలో ఎవరికీ వినబడలేదు. ఆటో మాట్లాడుకుని వేములకు పోతానని కట్టు కాలు కిందపెట్టబోయాడు. సుధ గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

మోటారు ఆగాక సునీత గొంతు వినిపించింది. "కాటమయ్య మామా, నువ్వు చెప్పు. కాలవ పక్క సాలు కోద్దామా?"

కాటమయ్య గొర్రెల మందను అమ్ముకుని కూలికి వచ్చినవాడు. మొదటినుంచీ ముఠాలో ఉన్నా గెల మోయడం తప్ప నోరు విప్పి ఎరగడు.

"ఆ సాలు ముట్టొద్దండి. పైకి లేతగా కనపడతాది గానీ లోపల ముదిరిపోయింటాది. ఈ పక్కవి కోయండి."

జనార్దన్ ఫోను నోటికి దగ్గరగా పెట్టుకున్నాడు. కాలు విరగకముందు తోటంతా తిరిగి, ముందు కాలవ పక్క సాలే కోయాలని చెప్పింది ఆయనే. "కోయండి, దాన్నే కోయండి!" అని గొంతు చించుకున్నాడు. అప్పటికే మోటారు మళ్లీ మోగుతోంది.

మూడింటికి జియావుల్లా వచ్చాడు. కాలవ పక్క సాలు ఎందుకు వదిలేశారని అడిగి, తనే ఒక కాయ తెంపి కోసి చూశాడు. అప్పుడు మోటారు ఆగి ఉంది, ఆయనన్న మాట ఫోనులో స్పష్టంగా వినిపించింది. "యా అల్లా, లోపల పసుపు తిరిగింది. ఇది ఎక్కించింటే నా సరుకంతా పోతుండె. ఎవురు చెప్పింది మీకు?"

"కాటమయ్య మామ," అంది సునీత.

లారీ వేళకే కదిలింది. అప్పటికిగానీ సునీత ఫోను చేతికి తీసుకోలేదు. "అన్నా! ఇంకా లైన్లోనే ఉండావా?"

"ఫోను మామకియ్యి." అన్నాడు జనార్దన్. "మామా, నీకెట్ల తెలుసు?"

"పోయినేడు ఆ సాలు గెలలు మోసింది నేనే కదప్పా. పైకి లేతగున్నా బరువెక్కువ, భుజానికెత్తుకుంటే తెలుస్తాది."

"అప్పట్నుంచీ తెలుసా? మరెందుకు చెప్పలా?"

"నువ్వుంటే మేం మాట్లాడేదానికి సందు యాడుంటాదప్పా?" అన్నాడు కాటమయ్య. అందులో కోపం లేదు.

"రేపు పులివెందుల తోట ఉంది. నువ్వే చూసి కోయించు మామా," అన్నాడు జనార్దన్ చివరికి.

"సరేప్పా. అయితే నువ్వు ఫోను చేయాకు."

జనార్దన్ సరే అన్నాడు. ఆ ఒక్క మాట అనడానికి, కాలు విరిగిన రోజుకన్నా ఎక్కువ నొప్పి పడ్డాడు.