తేదీకొక గడి

మా రామాంజినేయులు సార్‌కు ఒకటే పట్టు. గ్రాఫు గీత కింద తేదీ ఉండాలి. అది షుగరు గీత కావచ్చు, పేపర్లో వానల గీత కావచ్చు, పైకి పోయే గీతయినా కిందికి దిగే గీతయినా సరే. కింద తేదీలు లేకపోతే దాన్ని గీసినవాడు ఆయనకు సొంత శత్రువు.

హిందూపురం బస్టాండు వెనక సందులో ఆయనది చిన్న రక్తపరీక్షల ల్యాబు. ఇంటర్ మొదటి ఏడాదిలో చదువు ఆపేసి నేను అందులో చేరాను. పనేమిటని అడిగితే "తేదీలు రాయడమేమ్మా, అంతే" అన్నారు. ఎంత సుఖమైన పనో అనుకున్నాను. ఆ రోజు నేను అలా అనుకున్నందుకు ఇప్పటికీ నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

మా దగ్గర షుగరు చూపించుకునే ప్రతి మనిషికీ ఒక గళ్ల పుస్తకం ఉంటుంది. పేజీ అడుగున అడ్డగీత. దాని మీద రోజుకొక గడి. గడి కింద తేదీ, నెల, సంవత్సరం. మనిషి వచ్చిన రోజు షుగరు ఎంతుంటే అంత ఎత్తున చుక్క. రాని రోజు చుక్క ఉండదు, తేదీ మాత్రం ఉండాల్సిందే. మొదటి రోజు నేను తేదీలు అడ్డంగా రాస్తే ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి.

"ఏమ్మా ప్రశాంతీ, ఇవి తేదీలా, ధర్మవరం ప్యాసింజర్లో జనమా? నిలబెట్టి రాయి!"

"ఇంత సన్న గడి కింద ఎట్ల పడతాయి సార్? వారానికొకటి రాస్తే చాలదా?"

"వారానికొకటా! మిగతా ఆరు రోజులు ఏం పాపం చేసినాయి?"

"పోనీ సంవత్సరమన్నా వదిలేద్దాం సార్."

"వదిలేస్తే అది ఏ ఆగస్టు? మా తాత పెండ్లయిన ఆగస్టా?"

నిలబెట్టి రాశాను. పుస్తకం తిప్పనివ్వరు, గీత వంకరపోతుందట. అందుకని నా మెడనే తిప్పాను. ఆరు నెలలకు అది ఎడమ పక్కకు అలవాటుపడిపోయింది. ఇంట్లో మా అవ్వకు అనుమానం వచ్చింది. "ఎప్పుడు జూసినా ఆ పక్కకే చూస్తాండావు, ఆడ ఎవురుండారే?" అని నిలదీసింది. ఎవరున్నారని చెప్పను? ఆగస్టు పద్నాలుగు ఉందని చెప్పనా?

ఒకసారి టీ అంగట్లో ఎవరో పెద్దమనిషి పేపరు చదువుకుంటున్నాడు. సార్ వెనక నుంచి వంగి అందులోని గీత చూశారు.

"ఇది యానాటిదప్పా?"

"ఇయ్యాల్టిదే సార్."

"పేపరు గాదప్పా, గీత!"

ఆ పెద్దమనిషి పేపరు సార్ చేతికిచ్చి, టీ సగంలో వదిలేసి వెళ్లిపోయాడు. ఇంకోసారి పెనుకొండ రోడ్డులో ఇళ్ల స్థలాల బోర్డు మీద పైకి ఎగిరే ఎర్రబాణం చూసి, కింద ఉన్న నంబరుకు ఫోను చేశారు.

"మీ బాణం యానాడు బయల్దేరింది?"

"సార్, మీకు తూర్పు ముఖం కావల్లా, ఉత్తరమా?"

"తేదీ కావల్ల!"

"మంచి తేదీ చూసే రిజిస్ట్రేషన్ చేయిస్తాం సార్."

ఆ పూట సార్ అన్నం తినలేదు.

ఇక మానేసినవాళ్లు తిరిగొస్తే చూడాలి. అగళి నుంచి వచ్చే బాలప్ప రెండు నెలలు కనబడలేదు. వచ్చీరాగానే సార్ పుస్తకం తెరిచి ముఖం మీద పెట్టారు.

"అరవై గళ్లు ఖాళీ! యాడికి పోయినావప్పా?"

"రాగి కోతలు సార్."

"కోతలైతే? ఈ పాప నీ పేరు మీద అరవై తేదీలు రాసిండాది!"

"నేను రాయమన్నానా సార్?"

చాలా న్యాయమైన ప్రశ్న. మూడేళ్లుగా నేను నోరు తెరిచి అడగలేకపోయినది అదే.

మొన్న ఆషాఢంలో ఒక సోమవారం, సార్ టీకి పోయిన సమయంలో, శ్యామలమ్మను ఆమె కూతురు పద్మావతి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. శ్యామలమ్మది ధర్మవరం, పట్టుచీరల మగ్గం. కూతురింట్లో ఉన్నప్పుడు మా దగ్గరే చూపించుకునేది. తిరిగి ధర్మవరం పోయాక ఆ వీధిలోని కొత్త ల్యాబుకు పోతోంది. రెండు కళ్లకూ పొర వచ్చి, తెగిన పోగు ఎక్కడుందో కనబడక మగ్గం ఆపేసి మూడు నెలలైంది. ఆ ల్యాబు కాగితం చూసి ఇక్కడి కంటి డాక్టరు ఆపరేషన్ చేయనన్నాడట.

"షుగరు ఐదు నెల్లుగా ఎక్కుతానే ఉండాదంట పాపా. ఆర్నెల్ల తర్వాత రమ్మన్నాడు," అంది పద్మావతి.

"ఆర్నెల్లు ఇంట్లో గోడ పట్టుకోని తిరగల్లంట," అంది శ్యామలమ్మ. "మగ్గం ఇంకొకరికి ఇచ్చేస్తామని అంటాండారు."

కొత్త ల్యాబువాళ్లు ఇచ్చిన కంప్యూటరు కాగితం చూశాను. తొమ్మిది చుక్కలు, సమానమైన దూరంలో. నాలుగు చదునుగా, ఐదు కొండెక్కినట్టు. అడుగున 1, 2, 3 అని 9 దాకా. అంతే!

"తేదీలు యాడ?" అని అరిచాను.

నేనే అరిచాను. కొత్తవాళ్లతో కళ్లెత్తి మాట్లాడని నేను. గొంతు నాదే, కోపం సార్‌ది. సిగ్గుతో చచ్చి, ఆమె పాత పుస్తకం తీశాను. మా దగ్గర మానేసినా ఆమె గళ్లు మాత్రం మానలేదు, రోజూ తేదీ రాస్తూనే ఉన్నాను. ఎప్పుడూ అడుగున తేదీలే చూసే నేను ఆ రోజు పైకి చూస్తే, ఖాళీ గళ్లలో పెన్సిలు చుక్కలు. గడిచిన నాలుగు వారాల్లోవే నాలుగు. నాలుగూ ఆదివారాలే. ఆదివారం మా ల్యాబుకు తాళం.

గడి ఖాళీగా కనబడితే ఓర్వలేక సార్ రాని మనిషి షుగరు ఊహించి పెట్టేస్తున్నారన్నమాట! సార్ లోపలికి రాగానే పుస్తకం ముందు పెట్టాను.

"ఈ చుక్కలు యాడివి సార్? రాని మనిషికి చుక్కలు పెడితే ఎట్ల? దొంగలెక్క గదా ఇది!"

సార్ ముఖం టీ గ్లాసులో దాచుకున్నారు. "అదీ... ఖాళీ గడి చూస్తే నాకు కడుపులో మంటమ్మా."

"ఎవురు, రామాంజినేయులు సారేనా?" శ్యామలమ్మ గొంతు వచ్చిన వైపు తిరిగింది. "అంత మంట ఉన్నోడివి, నిన్న మా ఇంట్లో మజ్జిగైనా తాగకుండా పోయినావేమి? ఆదివారం ఆదివారం పొద్దున్నే రైలు దిగేది, 'నా పుస్తకం పాడు చేస్తాండావు' అని తిట్టేది, వేలు పొడిచేది, పెనుకొండలో పాపమ్మ ఉండాదని పరిగెత్తేది!"

నేను గబగబా వేరే పుస్తకాలు తీశాను. పెనుకొండ పాపమ్మ, మోకాళ్లు పట్టేసి బస్సెక్కలేదు. ఆమె ఖాళీ గళ్లలోనూ ఆదివారం చుక్కలే. ఇంకో నలుగురివీ అంతే. మూడేళ్లుగా నేను మెడ తిప్పుకుని రాసింది ఎందుకో అప్పుడు తెలిసింది. ఎవరు రావడం మానేశారో ఆయనకు ఆ ఖాళీలే చెబుతున్నాయి.

"ఇవి డాక్టరుకు చూపలేదా అక్కా?" అన్నారు సార్, మాట మార్చడానికి.

"నువ్వు కాగితం ఇస్తే గదా చూపేది!"

అప్పుడు ఆయన చూపు కంప్యూటరు కాగితం మీద పడింది. ఆ తర్వాతి పది నిమిషాలు ఆయన అన్న మాటలు నేను రాయను. పద్మావతి సంచిలోంచి పాత చీటీలు తీయించి, ఆ తొమ్మిది చుక్కలనూ వాటి తేదీల దగ్గర కూర్చోబెట్టాం. మొదటి నాలుగూ నెలకొకటి. ఎక్కిన ఐదూ ఒకే వారంలోవి. కాలి పుండుతో జ్వరమొచ్చి, వరసగా ఐదు రోజులు చూపించుకున్న వారం. డాక్టరు ఆ వారాన్ని ఐదు నెలలనుకున్నాడు. దాని తర్వాత నాలుగు ఆదివారాలూ మెట్లు దిగినట్టు దిగివచ్చి, చివరి చుక్క పాత చోటికి చేరింది.

సార్ తానే పుస్తకం చంకలో పెట్టుకుని వాళ్లతో కంటి ఆసుపత్రికి పోయారు. డాక్టరు కింద ఉన్న తేదీల మీద వేలు పెట్టి రెండుసార్లు చదివాడట. ఆ రోజు మళ్లీ రక్తం తీయించి చూసి, పై వారానికే ఒక కంటికి ఆపరేషన్ పెట్టాడు.

పట్టీ విప్పి, డాక్టరు సరేనన్న తర్వాత శ్యామలమ్మ నేరుగా మా ల్యాబుకే వచ్చింది. నల్లద్దాలు తీసి తన పుస్తకం అడిగింది. ఏ గీత కోసం సార్ ఇన్నాళ్లూ తిడుతూ తిరిగారో దాన్ని ఆమె చూడడం అదే మొదటిసారి. సార్ పొంగిపోతూ పేజీ తిప్పారు. ఆమె ముక్కు ఆనించి చూసింది, దూరంగా పెట్టి చూసింది.

"ఏమి సారూ, చీమలు పాకినట్టు ఇంత సన్నగా! ఇవి చదవల్లంటే రెండో కన్ను గూడా చేయించుకోవల్ల."

సార్ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. వేలు నా వైపు చూపించారు.

"నేను చెప్తానే ఉండా శ్యామలక్కా, వారానికొకటి పెద్దగా రాస్తే చాలని. ఈ పాప వింటే గదా!"