ఎక్కువైన హార్డెనర్

నిన్న సాయంత్రం గల్ఫ్‌లో, గుదైబియాలోని మా ఇంట్లో, పదకొండో క్లాసు చదివే మా అమ్మాయి పుస్తకం పట్టుకొచ్చి, "నాన్నా, సోడియం ఎలక్ట్రాన్ ఇచ్చేస్తుంది, క్లోరిన్ తీసుకుంటుంది. మరి కార్బన్ ఎందుకు పంచుకుంటుంది?" అంది. బీఎస్సీ కెమిస్ట్రీ చదివినవాణ్ణి కదా, మీసం దువ్వుకుని మొదలుపెట్టాను. ఏ పరమాణువైనా తక్కువ శక్తితో కుదురుగా ఉండాలనే చూస్తుంది. సోడియానికి బయటి కక్ష్యలో ఉన్నది ఒక్కటే, వదిలించుకోవడం తేలిక. క్లోరిన్‌కి ఒక్కటే తక్కువ. ఇచ్చినదీ తీసుకున్నదీ వ్యతిరేక ఆవేశాలతో అతుక్కుంటే ఉప్పు. కార్బన్‌కి నాలుగు. అన్నీ వదలాలన్నా, ఇంకో నాలుగు లాక్కోవాలన్నా తలకు మించిన పని, అందుకే పంచుకుంటుంది. ఇనుములో బయటి ఎలక్ట్రాన్లు అన్నిటికీ ఉమ్మడి, అందుకే రేకు వంగుతుంది గానీ ముక్కలవదు. అంతా విని, "గట్టిపడే జిగురులో కూడా పంచుకోవడమేనా?" అంది.

ఈ దేశం వచ్చిన కొత్తలో తుబ్లీలో ఒక గ్యారేజీ నేలకి ఎపాక్సీ పూత వేసే పనిలో ఉండేవాణ్ణి. జిగురులాంటి రెజిన్, దాన్ని గట్టిపరిచే హార్డెనర్ కలిపేది జగిత్యాల వైపు నుంచి వచ్చిన అన్న. పెద్దగా చదువుకోలేదు గానీ, కొలత మాత్రం గీత దాటనిచ్చేవాడు కాదు. త్వరగా ఆరితే త్వరగా మేముండే క్యాంపుకి పోవచ్చని, హార్డెనర్ ఇంకో అరడబ్బా పొయ్యమన్నాను. "వద్దు తమ్మీ, డబ్బ మీద రాసినంతే పొయ్యాలె," అన్నాడు. "నేను కెమిస్ట్రీ చదివానన్నా," అని నేనే వంచేశాను. రెజిన్‌లో అతుక్కునే చోట్లు ఎన్ని ఉంటే హార్డెనర్‌లోనూ అన్నే ఉండాలి. ఎక్కువైనవి జత దొరక్క మిగిలిపోతాయి. పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్న సంగతే. మర్నాడు ఆ నేల మీద కాలు పెడితే బూటు అంటుకుపోయింది.

"కిస్నే మిలాయా?" ఎవడు కలిపాడని సూపర్‌వైజర్ అరిచాడు. నేను తల వంచుకుని నిలబడ్డాను.

"మైనే, సాబ్," అంటూ తనే కలిపానన్నాడు అన్న.

పుట్టి రెండేళ్ళయినా చూడని కొడుకు దగ్గరికి ఆ వారమే వెళ్ళాల్సిన మనిషి. సెలవు ఖలాస్. బస్సులో నా పక్కనే కూర్చుని, "నీది కొత్త వీజా తమ్మీ, ఇంటికి తోలేస్తరు. నాకు ఆర్నెల్లు లేటైతది, గంతే," అన్నాడు. సిగ్గుతో చచ్చిపోయాను, నోరు మాత్రం విప్పలేదు. ఆరు నెలల తర్వాత సెలవు మీద వెళ్ళినవాడు మళ్ళీ రాలేదు.

అవును, పంచుకోవడమే అని అమ్మాయికి చెప్పాను. మిగతాది చెప్పలేదు. ఆ పొద్దున నిజం చెప్పడానికి ఒక్క నిమిషం సరిపోయేది. ఇన్నేళ్ళు గడిచాక, చెబుదామన్నా ఆ మనిషి ఎక్కడున్నాడో తెలియదు.