నీళ్ళు లేని పుస్తకాలు

సౌమిని చేచి పుస్తకం ఇచ్చే ముందు అడిగే ప్రశ్నలు వింటే పెళ్ళి సంబంధం మాట్లాడటానికి వచ్చిందేమో అనిపిస్తుంది. నిద్ర పడుతోందా, ఈవేళ ఏం వండావు, అత్తగారి మోకాళ్ళు ఎలా ఉన్నాయి, ఇంట్లో ఎవరితోనైనా మాటలు మానేశావా. అన్నీ విని సంచిలో చెయ్యి పెట్టి ఒక పుస్తకం తీస్తుంది. మనం అడిగింది మాత్రం తియ్యదు. "అది నీకిప్పుడు పనికిరాదు ఓమనా, ఇది చదువు" అంటుంది. నాకు ఒళ్ళు మండుతుంది. తీరా చదివితే అదే నాకు కావలసిన పుస్తకం అయి కూర్చుంటుంది, దాంతో ఇంకా మండుతుంది.

మా ఊరి గ్రంథాలయం నుంచి ఆడవాళ్ళ ఇళ్ళకు పుస్తకాలు మోసుకెళ్ళడం ఆమె పని. మా కేరళలో అక్కను చేచి అంటాం. భుజాన గుడ్డ సంచి, చేతిలో గొడుగు, కాళ్ళకు రబ్బరు చెప్పులు. వెనక్కి వచ్చిన పుస్తకాన్ని ఆమె తిరగేసి చూస్తుంది. కొబ్బరినూనె మరకలు, గంజి చుక్కలు ఏ పేజీ దాకా ఉన్నాయో, ఎక్కడి నుంచి కాగితం శుభ్రంగా ఉందో చూసి, "ఇక్కడ ఆపేశావు కదూ, నచ్చలేదా?" అంటుంది. ఆమె దగ్గర అబద్ధం సాగదు. తనకూ ఒక నియమం పెట్టుకుంది. చివరి దాకా తాను చదవనిదే ఏ పుస్తకమూ ఎవరి చేతిలోనూ పెట్టదు.

ప్రసీత విషయంలో ఆ నియమం మరీ గట్టిది. ప్రసీత ఇల్లు ఏటి అవతల, రేవు మెట్ల పైన. పోయిన ఏడాది కర్కిటక మాసపు వానల్లో ఆమె కొడుకు అప్పు, రెండో తరగతి పిల్లాడు, ఆ మెట్ల మీద జారి ఏట్లో పడి చనిపోయాడు. ప్రసీత మాట్లాడటం మానేసింది. ఒక తెల్లవారుజామున తానూ ఆ మెట్లు దిగుతుంటే పడవ నడిపే పవిత్రన్ చూసి, జబ్బ పట్టుకుని పైకి లాక్కొచ్చాడు. మందులయ్యాయి, మొక్కులయ్యాయి. సౌమిని చేచి మాత్రం వారం వారం వెళ్ళి వాళ్ళ అరుగు మీద ఒక పుస్తకం పెట్టి, ఏమీ అనకుండా వచ్చేసేది. చాలాకాలం పెట్టిన పుస్తకం పెట్టినట్టే ఉండేది. ఒక వారం అట్ట మీద నూనె మరక కనిపించింది. ఆ రోజు చేచి నా కుట్టు దుకాణంలో కూర్చుని కళ్ళు తుడుచుకుంది.

అప్పటి నుంచి ప్రసీతకిచ్చే పుస్తకంలో ఏరు ఉండకూడదు, సముద్రం ఉండకూడదు, బావి, పడవ, ఏవీ ఉండకూడదు. వెతికి చూస్తే తెలుస్తుంది ఆ కష్టం. మా నేల మీద రాసిన కథల్లో మూడో పేజీకల్లా ఎవడో ఒకడు ఏట్లో దిగి స్నానం చేస్తాడు. చేచి ఎక్కడెక్కడివో ఎడారి కథలు, కోర్టు కథలు, బొంబాయి హత్యల నవలలు ఏరి మోసుకెళ్ళేది. ప్రసీత చదివేది. మళ్ళీ వంట చేయడం మొదలుపెట్టింది. మొగుడు సజీవన్‌తో రెండు మాటలు మాట్లాడేది. పుస్తకాలే దాన్ని నిలబెట్టాయని ఊరంతా అనుకుంది, నేనూ అనుకున్నాను.

మళ్ళీ కర్కిటకం వచ్చింది. గ్రంథాలయం వార్షికోత్సవమని కమిటీ పెద్దలు కొత్త పుస్తకాలు తెప్పించి, ముద్రలు వేయడం, అట్టలు కట్టడం అంతా చేచి నెత్తినే పెట్టారు. ఆ మధ్యాహ్నం ఆమె నా దుకాణం మెట్టెక్కేసరికి నేను జాకెట్టు గుడ్డ కత్తిరిస్తున్నాను.

"ఆ కోళ్ళ బొమ్మ అట్ట పుస్తకం కూడా వచ్చిందటగా" అన్నాను. "కన్నూరులో మా చెల్లెలింట్లో చదివాను. మొదటి సగం నవ్వలేక చచ్చాను. ఆ చిన్నాడు వాగులో కొట్టుకుపోయాక ఇంక చదవలేక మూసేశాను."

సంచిలో ఆమె చెయ్యి ఆగిపోయింది. "ఎవరు కొట్టుకుపోయారు?"

"ఆ ఇంటి పిల్లాడు. నువ్వు చదవలేదా చేచీ?"

"సగం చదివాను. నవ్వుల కథ అనుకున్నా. పొద్దున్నే ప్రసీతకిచ్చి వచ్చాను."

కత్తెర కింద పెట్టేశాను. సజీవన్ లారీ తీసుకుని మంగళూరు వెళ్ళాడు. ప్రసీత ఒక్కతే ఉంది. చుట్టూ వక్కతోట, పిలిస్తే పలికే ఇల్లు లేదు. ఫోన్ మోగినా ఎత్తే అలవాటు పోయి ఏడాదైంది. చదవడం మాత్రం గబగబా చదువుతుంది.

రేవులో పవిత్రన్ పడవను చెట్టుకు కట్టేసి, బీడీ కాలుస్తూ కూర్చున్నాడు.

"తియ్యను. నీళ్ళు కనబడటం లేదా? వంతెన మీదుగా పోండి."

"అలా చుట్టు తిరిగితే చీకటి పడుతుంది పవిత్రా. ఒక పుస్తకం వెనక్కి తెచ్చుకోవాలి" అంది చేచి.

"పుస్తకానికి ఇంత పరుగా? జరిమానా ఏమన్నా వేస్తావా ఏంటి?"

చేచి సంగతి చెప్పింది. పవిత్రన్ బీడీ పారేసి, మారుమాట లేకుండా తాడు విప్పాడు.

ఏరు ఎర్రగా, పొంగి ఉంది. కొబ్బరి మట్టలు, దుంగలు కొట్టుకొస్తున్నాయి. పవిత్రన్ గెడతో వాటిని తోస్తూ, పడవను వాలుగా నడుపుతున్నాడు. చేచికి ఈత రాదు. సంచి ఒళ్ళో పెట్టుకుని, పడవ అంచు పట్టుకుని కూర్చుంది. నాకు భయం వేస్తే నోరు ఊరుకోదు.

"సగం చదివి ఎలా ఇచ్చావు? నేను కొలవకుండా గుడ్డ కోస్తే ఊరుకుంటావా నువ్వు?"

"తిట్టు ఓమనా. నువ్వు మాట్లాడకపోతే ఇంకా భయంగా ఉంది."



అవతలి ఒడ్డున రేవు మెట్లు సగం మునిగి ఉన్నాయి. ముగ్గురం పైకి పరిగెత్తాం. తలుపు తెరిచి ఉంది. అరుగు మీద ఎవరూ లేరు. కోళ్ళ బొమ్మ పుస్తకం నేల మీద బోర్లా పడి ఉంది.

"ప్రసీతా" అని పిలిచాను. పలకలేదు. పవిత్రన్ గిరుక్కున తిరిగి మెట్ల వైపు పరిగెత్తాడు. చేచి అరుగు స్తంభం పట్టుకుని నిలబడింది. నేను ఇంట్లో దూరి, రెండు గదులు చూసి, పెరటి తలుపు దాకా వెళ్ళాను. ప్రసీత తల మీద గోనెపట్టా కప్పుకుని, కట్టెలు పట్టుకుని వస్తోంది. ముఖం ఉబ్బి ఉంది. బాగా ఏడ్చినట్టు తెలుస్తూనే ఉంది.

"ఏంటి ఇద్దరూ ఇలా తడిసి వచ్చారు?" అంది అరుగు మీదికొచ్చి.

"ఆ పుస్తకం ఇచ్చెయ్యమ్మా" అంది చేచి. "పొరపాటున నీకిచ్చాను. వేరేవాళ్ళు ముందే అడిగారు."

"అబద్ధం చెప్పడం నీకు చేతకాదు చేచీ. చదివేశాను. చివరి దాకా." కట్టెలు కింద పెట్టి ఎదురుగా కూర్చుంది. "ఏడాదిగా నువ్వు తెచ్చిన పుస్తకాల్లో చుక్క నీళ్ళు లేవు. ఏటి ఒడ్డున కూర్చుని ఎడారుల గురించి చదివాను. నాకు తెలియదనుకున్నావా?"

చేచి తల వంచుకుంది. "నీకు నొప్పి కలగకూడదని..."

"తెలుసు. నా ముందు ఎవరూ ఏరు అనరు, వాన అనరు. వాడి పేరు ఎత్తరు. మా ఆయన వాడి పలక కూడా ఎక్కడో దాచేశాడు. వాణ్ణి నేను కనలేదేమో అనిపిస్తుంది ఒక్కోసారి." పుస్తకం తీసి, మడత పడిన పేజీని చేత్తో సాపు చేసింది. "ఇందులో పిల్లాడు పోయాక ఊరి వాళ్ళందరూ వచ్చి ఆ తల్లి చుట్టూ కూర్చుంటారు. వాడు ఏం తినేవాడు, ఎప్పుడు నవ్వేవాడు అని అడుగుతారు. ఆవిడ రాత్రంతా చెబుతుంది. నన్ను ఒక్కరూ అడగలేదు చేచీ."

నేను మూసేసిన చోటు తరువాత అది ఉందని నాకు తెలియదు. చేచికీ తెలియదు.

మెట్ల దగ్గర్నుంచి పవిత్రన్ ఆయాసపడుతూ వచ్చి, ప్రసీతను చూసి వాకిట్లోనే ఆగిపోయాడు. నీళ్ళు ఇంకా పెరుగుతున్నాయని, వెంటనే బయలుదేరాలని నాతో మెల్లగా అన్నాడు. చేచి వినిపించుకోలేదు. సంచి భుజం మీద నుంచి తీసి పక్కన పెట్టి, కాళ్ళు ముడుచుకుని కూర్చుంది. ఏ ఇంటికి వెళ్ళినా తిండి గురించి వేసే ప్రశ్నే, ఏడాదిగా ఈ ఇంట్లో వేయలేకపోయిన ప్రశ్న, అడిగింది.

"అప్పు ఏం తినేవాడమ్మా?"

ప్రసీత ఏటి వైపు చూసింది.

"ఆవిరి మీద వండిన బియ్యప్పిండి పుట్టులో అరటిపండు పిసికి పెడితే తినేవాడు" అంది. "శనగల కూర ముట్టేవాడు కాదు. ఎంత బతిమాలినా."

పవిత్రన్ మళ్ళీ కిందికి వెళ్ళి, పడవను ఒడ్డు మీదికి లాగి కట్టేసి వచ్చాడు.