బావగారి కొట్లో కొన్న కమాను పట్టీ

మా ఆయన కొబ్బరికాయల వ్యాను వెనక చక్రం మీద బరువు మోసే కమాను పట్టీ కొత్తపేట కాలవగట్టు మీద విరిగింది. వేయించి నెల కూడా కాలేదు. బండి కాలవలో పడకుండా ఒక కరెంటు స్తంభం ఆపింది. ఇంటికొచ్చి, లోడు ఎక్కువ వేశాను, తప్పు నాదే అన్నారు.

విరిగిన ముక్క నేను చూశాను. విరిగిన చోట పటికబెల్లంలా మెరిసే పలుకులు. నేను లోహశాస్త్రంలో ఇంజనీరింగ్ చదివాను. మా ఇంట్లో ఆ సంగతి గిన్నెలు కొనేటప్పుడు తప్ప ఎవరికీ గుర్తురాదు. అయినా చెప్పాను. ఉక్కు లోపలంతా సన్నటి పలుకులే. భాస్వరం, తగరం లాంటి మలినాలు ఆ పలుకుల అతుకుల్లో చేరతాయి. మెత్తటి ఇనుమైతే కొంత ఓర్చుకుంటుంది, వంగుతుంది. గట్టిదనం పెంచిన కమాను ఉక్కుకి ఆ ఓర్పు లేదు. ఎంత గట్టిదో అంత శుభ్రంగా ఉండాలి, లేదంటే ఒక్క గుంటకి అతుకుల వెంట ఊడిపోతుంది.

ఆయన అన్నం తింటూ అంతా విన్నారు. "మరి బావగారికెలా చెప్తాం?" అన్నారు.

అదీ అసలు సమస్య. ఆ పట్టీ అమలాపురంలో మా పెద్దాడపడుచు భర్త కొట్లో కొన్నది. నేనే చెప్తానని మా ఆయన్ని వెంటబెట్టుకుని వెళ్ళాను. బావగారు కాఫీ తెప్పించారు. ముక్క బల్ల మీద పెట్టి, అది వచ్చిన కట్టలో మిగిలిన పట్టీలు కూడా అమ్మొద్దని చెప్పాను.

"రోడ్లలా ఉంటే ఉక్కేం చేస్తాది చెల్లెమ్మా? మావాడు లోడెక్కువేసేడో లేదో అడుగు."

"ఆయ్, కొంచెం ఎక్కువే వేసేనండి," అన్నారు మా ఆయన, నా వైపు చూడకుండా.

"ఎక్కువైతే మంచి పట్టీ ముందు వంగి చెబుతుందండి అన్నయ్యగారూ. ఇది చెప్పకుండా విరిగింది."

"చెప్పే రకం మా కొట్లో లేదమ్మా. ఒక్కటుంటే మా బావమరిది ఇంటికి పట్టుకుపోయేడు."

కొట్లో అందరూ నవ్వారు. ఆ కట్టలోంచే ఇంకో పట్టీ తీసి, డబ్బులొద్దు పట్టుకుపొమ్మన్నారు. మా ఆయన రెండు చేతులా అందుకున్నారు, ప్రసాదంలా.

దారంతా పోట్లాడాను. అది బండికి బిగిస్తే ఆ బండికి నేనే అడ్డం పడుకుంటానన్నాను. చివరికి రాజమండ్రి నుంచి పరీక్ష చేసిన సరుకు తెప్పించి షెడ్డులో వేయించాం. ఆయన షరతు ఒక్కటే, బావగారికి తెలియకూడదు. మనిషి బతికుంటే చాలని ఒప్పుకున్నాను.

మొన్న ఒక గృహప్రవేశంలో బావగారు అడిగారు, పట్టీ ఎలా ఉందని. "రాయిలా ఉందండి," అన్నారు ఈయన. ఇంకేం, కొట్టుకి వచ్చిన ప్రతివాడికీ బావగారు అదే మాట చెబుతున్నారు. కట్ట ఖాళీ అవుతోందట. రాజోలు వైపు ఒక బడి వ్యానుకి కూడా వేశారని మా ఆడపడుచే చెప్పింది, సంబరంగా.

బావగారికి నిజం చెప్పమన్నాను. ఇప్పుడు చెబితే అబద్ధమాడానని తెలిసిపోదా అన్నారు. నేనే ఆ బడికి ఫోను చేశాను. ఎత్తినాయన ఎంతో మర్యాదగా విన్నారు. పలుకులూ అతుకులూ మలినాలూ అన్నీ విన్నారు. మధ్యలో ఆయ్, ఆయ్ అన్నారు.

"మీరు చెప్పింది బానే ఉందండి," అన్నారు ఆఖర్న. "కానీ కొట్టాయన సొంత బావమరిది బండికే అది వేసేరటండి. రాయిలా ఉందంటండి."