పచౌలిలో సముద్రం

నా ముక్కు వల్ల విశాఖ ద్వారకా నగర్‌లో ఒక అత్తరు కొట్టు మూతపడబోయింది. గొప్ప కోసం చెప్పడం లేదు. ఒక్క ముక్కుతో ఎంత నష్టం చెయ్యవచ్చో మీకు తెలియదు గనక చెబుతున్నాను. మీరు జలుబు చేస్తే తప్ప దాన్ని పట్టించుకోరు. నేనలా కాదు, ముక్కును నమ్ముకుని పేరు తెచ్చుకుందామని బయలుదేరినవాణ్ణి.

ఉద్యోగం పోర్టు దగ్గర ఒక షిప్పింగు ఆఫీసులో. పగలంతా కంటైనర్ల కాగితాలు, సాయంత్రమైతే ఫోను ముందు కూర్చుని సహజ పరిమళాల మీద సమీక్షలు. నా ఛానల్‌కి కెమెరామన్, దర్శకుడు, విమర్శకుడు అన్నీ మా ఆఫీసు అప్పలరాజే. వాడికి పరిమళాలంటే గౌరవం లేదు గానీ, సమీక్ష అయ్యాక మిగిలిన సీసా వాడిదని మా ఒప్పందం.

ఖాదర్ భాయ్‌కి వన్‌టౌన్‌లో తాతల నాటి అత్తరు కొట్టు ఉండేది. దాన్ని తమ్ముడికి అప్పగించి, ఉన్నదంతా పెట్టి ద్వారకా నగర్‌లో కొత్త కొట్టు తెరిచాడు. ఒకరోజు నన్ను పిలిచి ఒక చిన్న సీసా చేతిలో పెట్టాడు.

"పచౌలి, దేవదారు, కొంచెం వట్టివేరు. స్పిరిట్ చుక్క లేదు శ్రీను భాయ్, అంతా అసలు సరుకు. నువ్వు మంచి మాట సెప్తే కుర్రోళ్లు ఒత్తారు. ఈ కొట్టు నడవకపోతే నాను తమ్ముడి దగ్గర గుమాస్తాగా కూకోవాల."

"ఖాదర్ భాయ్, నా ముక్కు మీద పడెయ్యి" అన్నాను. పాపం, నిజంగానే పడేశాడు.

పచౌలి తులసి జాతి ఆకు. దాని నూనె తడి మట్టిలాగా, ఎన్నాళ్లకో తెరిచిన చెక్కపెట్టెలాగా వాసన వేస్తుంది. తొందరపడి చూస్తే అర్థం కాదు. కాగితపు పట్టీ మీద చుక్క వేసి, ఆగి ఆగి చూడాలి. అలాంటి పట్టీలు కట్టలు కట్టి ఎప్పుడూ నా భుజం సంచీలో పెట్టుకు తిరిగేవాణ్ణి, డాక్టరుకు స్టెతస్కోపు ఉన్నట్టు.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా ఆవిడ గౌరిని భీమునిపట్నంలో పుట్టింట దింపి వచ్చాను. మా అత్తగారు అల్లుణ్ణి ఒట్టి చేతులతో పంపే మనిషి కాదు. బస్సు కదులుతుంటే కిటికీలోంచి ఒక పొట్లం అందించింది.

"ఎండు నెత్తళ్లు బాబూ. నానే దగ్గరుండి ఎండబెట్టించాను. ఇసక రేణువుండదు, సూడండి."

న్యూస్‌పేపరులో చుట్టి, పైన పాలిథిన్ కవరు కట్టిన ఆ ఎండుచేపల పొట్లాన్ని సంచీ అడుక్కి తోసి, పట్టీల కట్టలు దాని మీద సర్దుకున్నాను. తర్వాత దాన్ని ఎక్కడ పెట్టానో మర్చిపోయాను. మీకు ఇప్పుడే మొత్తం అర్థమైపోయి ఉంటుంది. నాకు అర్థం కావడానికి ఇంకా చాలా పరువు పోవాల్సి ఉంది.

కొన్నాళ్లు పోయాక కెమెరా ముందు సీసా తెరిచాను. పట్టీని ముంచాను. కళ్లు మూసుకున్నాను.

"ముందు తడి మట్టి. దాని వెనక దేవదారు. ఆ వెనక... ఆగండి... ఉప్పగా, లోతుగా, కాస్త పచ్చిగా... సముద్రం! ఖాదర్ భాయ్ ఈ సీసాలో మన విశాఖ సముద్రాన్ని దాచాడు!"

అప్పలరాజు ఫోను పట్టుకునే అడిగాడు. "ఏటి బావా, సముద్రమేటి? ఆకు రసంలో సముద్రమెలగొత్తాది?"

"నీకు తెలియదులే. అన్నిటికన్నా అడుగున ఉండి ఆఖర్న తేలే వాసన, దీన్ని బేస్ నోట్ అంటారు."

"నాకైతే మార్కెట్ వాసనొత్తంది బావా."

ఆ ముక్క కత్తిరించేశాం. మొత్తం వీడియోలో నిజం చెప్పింది ఆ ముక్క ఒక్కటే.

వీడియో ఎగిరింది. ఉద్యోగాలకని ఊరు వదిలిన విశాఖ వాళ్లంతా సముద్రమనగానే కళ్లనీళ్లు పెట్టుకున్నారు. ఊళ్లో ఉన్నవాళ్లు కొట్టు మీద పడ్డారు. నేను గర్వంతో ఆఫీసులో మనుషుల్ని వాసన చూడడం మొదలుపెట్టాను. అప్పుడు ఖాదర్ భాయ్ ఫోన్ చేశాడు.

"శ్రీను భాయ్, నా అత్తరులో సముద్రం ఎక్కడుంది?"

"అడుగున ఉంది ఖాదర్ భాయ్."

"అరే, అడుగు దాకా సూసినాను! జనం ఒత్తన్నారు, వాసన సూత్తన్నారు, సముద్రం లేదు, ఇది నకిలీ అంటన్నారు, ఎలిపోతన్నారు. కొన్నోళ్లు గూడా తిరిగొచ్చి ఇచ్చీసి పోతన్నారు."

ఆ క్షణాన బుద్ధున్నవాడైతే సీసా మళ్లీ వాసన చూసేవాడు. నేను మాత్రం "అందరి ముక్కులూ ఒకలా ఉండవు. ఆదివారం వచ్చి లైవ్‌లో చూపిస్తాను" అన్నాను.

ఆదివారం కొట్టు నిండిపోయింది. అప్పలరాజు లైవ్ పెట్టాడు. నేను సంచీలోంచి పట్టీ తీసి, కొట్లో సీసాలోనే ముంచి, ముందు నిల్చున్న ఒక రిటైర్డు మాస్టారికి అందించాను. ఆయన వాసన చూసి తల పంకించాడు.

"ఉంది. సముద్రముంది."

జనం చప్పట్లు కొట్టారు. ఖాదర్ భాయ్ ఊపిరి పీల్చుకున్నాడు. ఇక్కడితో ఆపి ఇంటికి పోవచ్చు గదా? ఒకావిడ తన చేతి మీద రాసుకుంటానంది. రాయించుకుని, మూడు వైపులా తిప్పి వాసన చూసింది.

"నా సెయ్యి మీద లేదేటి?"

"ఒంటి వేడికి సముద్రం ఆలస్యంగా వస్తుందండీ" అన్నాను. ఇప్పుడు తలుచుకుంటే నాకే భయమేస్తుంది, ఆ మాట ఎక్కణ్ణించి వచ్చిందో.

మాస్టారు కౌంటరు మీదున్న కొట్టు పట్టీ తీసుకుని తనే ముంచి చూసుకున్నాడు. ముఖం మారింది. "దీంట్లోనూ లేదు. ఈ బాబు సంచీలో పట్టీ మీదే ఉంది. ఏటిదంతా? పట్టీలకి ముందే మంచి సరుకు పూసి తెచ్చి సూపించడం, మాకు మాత్రం నాసిరకం అంటగట్టడం! ఇద్దరూ కలిసే సేత్తన్నారు!"

"మోసం!" అని వెనకనుంచి ఎవరో అరిచారు.  ఖాదర్ భాయ్ సీసా మూత పెట్టబోయాడు, ఎంత తిప్పినా అది కుదరలేదు. 

ఇంకో పట్టీ తీసి మోసం లేదని చూపిద్దామని సంచీ అడుగుదాకా చెయ్యి పెట్టాను. చేతికి పొట్లం తగిలింది. పాలిథిన్ ఎప్పుడో చిరిగిపోయింది. చెయ్యి బయటికి తీసి వాసన చూసుకున్నాను. విశాఖ సముద్రం నిండుగా ఉంది.

ఇప్పుడు నా ఇబ్బంది వినండి. పొట్లం బయటికి తీస్తే ఖాదర్ భాయ్ బతుకుతాడు. కానీ మా అత్తగారు నా లైవ్ ఒక్కటీ వదలదు, వీధిలో వాళ్లని కూడా పిలిచి కూర్చోబెట్టుకుని చూస్తుంది. ఆవిడ చేపల్ని అంతమందిలో కంపని చెబితే నేను ఇక భీమునిపట్నం వైపు బస్సెక్కనక్కర్లేదు. సంచీ మూసేద్దామనే అనిపించింది. ఖాదర్ భాయ్ ఇంకా ఆ మూతతోనే తంటాలు పడుతున్నాడు.

పొట్లం తీసి కౌంటరు మీద పెట్టాను.

"సముద్రం ఇదండీ. ఎండు నెత్తళ్లు. మా అత్తగారిచ్చారు. ఇన్నాళ్లూ నా పట్టీలకి దీని వాసన పట్టింది. అత్తరు అసలుది, నకిలీ ఏదన్నా ఉంటే అది నా ముక్కే."

 ముందు మాస్టారు నవ్వాడు. తర్వాత అందరూ. చేతికి రాసుకున్నావిడ మళ్లీ వాసన చూసుకుని, "వోలమ్మ, మట్టి వాసనే బాగుంది. సముద్రం మాకింటికాడే ఉంది గదా" అని ఒక సీసా కొనుక్కుంది. ఆవిణ్ణి చూసి మిగతావాళ్లూ కదిలారు. ఖాదర్ భాయ్ నన్ను కౌగిలించుకోబోయి, నా చెయ్యి చూసి, దూరం నుంచే సలాం పెట్టాడు.

అప్పుడు నా జేబులో ఫోన్ మోగింది. అత్తగారు. లైవ్ ఆపమని అప్పలరాజుకు సైగ చేశాను. వాడు ఆపలేదు. పైగా నా ఫోన్ స్పీకరు కూడా నొక్కాడు.

"అత్తయ్యగారూ, క్షమించండి. మీ చేపల్ని అంతమందిలో..."

"దానికేటి బాబూ, ఎండు సేపలు వాసన రాకపోతే సంపెంగ వాసనొత్తాదా? పాపం, ఆ ఖాదర్ భాయ్ కొట్టు నిలబెట్టారు, మంచి పని సేసారు."

ప్రాణం లేచొచ్చింది. "మీది పెద్ద మనసు అత్తయ్యగారూ."

"అది సరే గానీ బాబూ, మొన్న నానడిగితే వంకాయేసి వండుకు తినీసాను, ఉప్పు సరిగ్గా సరిపోయింది, ఇలాటి నెత్తళ్లు జన్మలో తినలేదు అన్నారు గదా. మరి ఆ సంచీలోవి ఏటి?"

కొట్టు మొత్తం నా వైపు తిరిగింది.

కాబట్టి పోర్టులో ఆగిన ఓడలన్నిటి సాక్షిగా, అప్పలరాజు ఇప్పటికీ తుడిపెయ్యని ఆ వీడియో సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. అత్తరు గురించైతే నోటికొచ్చింది చెబుతానేమో గానీ, అత్తగారు పంపిన వంటసరుకు మీద మాత్రం తినకుండా సమీక్ష చెప్పను.